ప్రకటన ఆగింది, నిఘా ఆగిందా?

నిజామాబాద్ గంజ్‌లో పసుపు కొమ్ము ఎంత పలికిందో ఆర్మూర్ రైతు ఇవాళ ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చూసుకుంటాడు. ధరలు చూపే ప్రైవేటు పేజీలు చాలావాటిలో ముందు కళ్లబడేవి ప్రకటనలే. పైన అప్పు ఇస్తామనేది, నడుమ ఆకుపచ్చని ‘డౌన్‌లోడ్’ బటన్, అడుగున ఎలా మూయాలో అంతుపట్టని వీడియో. ప్రకటనలను ఆపే బ్రౌజర్‌లో అదే పేజీ తెరిస్తే ధరల పట్టిక ఒక్కటే మిగులుతుంది. అంతటితో ఆ బ్రౌజర్ మంచిదని తేల్చేస్తాం. నా దృష్టిలో అది సగం పరీక్షే. ప్రకటనను ఆపడం, నిఘాను ఆపడం వేర్వేరు పనులు. పుట్టిన కాలాలూ వేరే.

నిఘాకు పనిముట్టయిన కుకీ, వెబ్ ప్రకటన మాత్రం ఒకే ఏడాది పిల్లలు. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి కుకీని తయారుచేశాడు. వచ్చినవాడు పాతవాడేనని సైటు గుర్తుపట్టడానికి పనికొచ్చే చిన్న గుర్తు అది. ఆ అక్టోబరులోనే హాట్‌వైర్డ్ పత్రిక సైటులో బ్యానర్ ప్రకటనలు మొదలయ్యాయి. వేల సైట్లలో ప్రకటనలు పెట్టే కంపెనీ, మనం వెళ్లిన ప్రతిచోటా తన కుకీని తానే చదువుకోగలదు. మనం ఎక్కడెక్కడ తిరిగామో దానికి అలా తెలిసిపోతుంది.

తర్వాత పాప్-అప్‌లు వచ్చాయి. ట్రైపాడ్ సంస్థ కోసం ఆ కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో దుబాయ్‌లో ఉన్న అన్నకు మెయిల్ పెట్టబోతే అడగని కిటికీలు వరుసగా తెరుచుకునేవి. 2000లో ఒపెరా, 2002లో మొజిల్లా, 2004లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాటిని ఆపడం నేర్చాయి. ప్రకటనను అడ్డుకోవడం బ్రౌజర్ సొంత బాధ్యత అయ్యింది అప్పుడే. 2002లోనే హెన్రిక్ సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ విద్యార్థి యాడ్‌బ్లాక్ రాశాడు. ప్రకటనల చిరునామాల జాబితా పెట్టుకుని, వాటి నుంచి వచ్చే బొమ్మలను దాచేయడం దాని కిటుకు. ఈనాటి బ్రౌజర్లు అలాంటి జాబితాలతోనే, ఆ చిరునామాలకు వెళ్లే అభ్యర్థనను ముందే ఆపేస్తాయి.

మన ఊళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ యూసీ బ్రౌజర్. నెట్ నెమ్మదిగా, డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో పేజీలను కుదించి ఇచ్చేది, ప్రకటనలనూ ఆపేది. దేశంలో లెక్కలేనంత మంది వాడారు. 2015 మేలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ దాన్ని విప్పి చూసింది. ఇంగ్లిష్ వెర్షన్‌లో వెతికిన మాటలు ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా బయటికి పోతున్నాయి. చైనీస్ వెర్షన్‌లో ఫోన్ గుర్తింపు సంఖ్యలు, మనిషి ఉన్న చోటు కూడా సరైన రక్షణ లేకుండానే పోతున్నాయి. ప్రకటనలను ఆపిన బ్రౌజరే మన గుట్టు గాలికి వదిలింది! 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది.

నిఘా మీద అసలు పోరు ఆలస్యంగా మొదలైంది. 2017లో సఫారీ, 2019లో ఫైర్‌ఫాక్స్ వెంటపడే కుకీలకు అడ్డుకట్ట వేశాయి. 2022 నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో సైటు కుకీలను ఒక్కో డబ్బాలో వేసి మూత పెడుతోంది. ఒక డబ్బాలోది ఇంకో సైటులో చదవడం కుదరదు. బ్రేవ్ అనే బ్రౌజర్ మొదటినుంచీ రెండు పనులూ చేస్తోంది. అయితే కొన్ని చిరునామాలు టైప్ చేస్తే తనకు కమీషన్ వచ్చే కోడ్‌ను దానంతటదే చేరుస్తోందని 2020లో బయటపడింది. సంస్థ అధిపతి బ్రెండన్ ఐక్ తప్పు ఒప్పుకుని సరిదిద్దించాడు. ప్రకటనలే ప్రధాన ఆదాయమైన గూగుల్ సంగతి తెలిసిందే. తన క్రోమ్ బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం తెరిచిన సైటు కాక వేరేవాళ్లు పెట్టేవి, తీసేస్తామని 2020లో చెప్పి, 2024 జులైలో వెనక్కి తగ్గింది. వాటిని వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో మనమే ఆపాలి.

బ్రౌజర్‌ను కంటితో పరీక్షించడంలో ఒక చిక్కుంది. వెంటాడే ప్రకటనే నిఘాకు ఆనవాలు. ప్రకటనలు మాయమైతే ఆనవాలూ మాయమవుతుంది, నిఘా మాత్రం సాగవచ్చు. అందుకే కంటితో తేల్చకుండా ‘కవర్ యువర్ ట్రాక్స్’లో చూడాలి. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ 2010లో మరో పేరుతో ప్రారంభించిన పరీక్ష ఇది. అప్పట్లోనే నూటికి 80కి పైగా బ్రౌజర్లు ఫాంట్లు, తెర కొలతలు వంటి వివరాలతోనే విడిగా గుర్తుపట్టేలా ఉన్నాయని తేలింది.

ఈ పరీక్ష నెగ్గిన బ్రౌజర్‌కూ హద్దుంది. బోధన్ కుర్రాడు గల్ఫ్ ఉద్యోగాల ఏజెంటు పేజీలో పాస్‌పోర్టు నంబరు తనే నింపితే ఏ బ్రౌజరూ ఆపలేదు. ఆ ఏజెంటు అసలువాడో కాదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ముందు చూసుకోవాలి.