మూడు పానాల కాలం

జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ నడుమ ఉన్న మా రఘునాథపల్లికి రైలు ముందొచ్చింది, మోటారు తరువాత వచ్చింది. సికింద్రాబాద్ నుంచి ఓరుగల్లు వైపు నిజాం రైల్వే పట్టాలు 1880లలోనే పడ్డాయి. 1932లో అదే రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులను రోడ్డెక్కించారు. ఇంజను విప్పి బిగించే విద్యకు మన ప్రాంతంలో ఆ బస్సుల వర్క్‌షాపులు, తరువాత వచ్చిన ఆర్టీసీ డిపోలు పెద్ద బడులయ్యాయి. ఊళ్లలో మాత్రం ఆ విద్య బావుల దగ్గరే మొదలైంది. ఆయిల్ ఇంజన్ మొండికేస్తే నాజిల్ ఊడదీసి ఊది బిగించే మనిషి ప్రతి ఊళ్లో ఒకడుండేవాడు. ఆయన్నే తరువాత లారీకీ, ట్రాక్టరుకీ, చివరికి కారుకీ పిలిచారు.

సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ మా మండలంలోదే. కోట గురించి రాసినవాళ్లున్నారు. జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది, దక్కాల్సిందే. కానీ రోడ్డు పక్క రేకుల షెడ్డులో నలభై ఏళ్లు చేతులు మసి చేసుకున్న ఉస్తాదుల గురించి, వాళ్ల దగ్గర నేర్చుకుని సొంత బండిని సొంతంగా బాగుచేసుకున్న నాలాంటి వాళ్ల గురించి రాసిన పేజీ ఒక్కటి నా కంట పడలేదు. నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. నా దగ్గర 1991 మోడల్ మారుతి 800 ఉంది. నెంబరు ఏపీ 36తో మొదలవుతుంది. కొత్త బండ్ల మీద టీఎస్ వచ్చింది, 2016లో మా మండలం జనగామ జిల్లాలోకి పోయింది, ఇప్పుడు టీజీ వచ్చింది. నా బండి ప్లేటు మీద మాత్రం ఇంకా పాత వరంగల్ జిల్లానే ఉంది.

మారుతికి ముందు మా దిక్కు కారంటే అంబాసిడరు, లేదంటే ఫియట్. డాక్టర్లకు, కాంట్రాక్టర్లకు, రైస్ మిల్లు వాళ్లకు ఉండేవి. అంబాసిడరుది ఇంగ్లండు పుట్టుక, దాని నట్లన్నీ అంగుళాల లెక్క. ఫియట్‌ది ఇటలీ పుట్టుక, దానివి మిల్లీమీటర్లు. అందుకే పాత ఉస్తాదుల పెట్టెలో రెండు రకాల పానాలుండేవి. ఒకదాని పానా ఇంకోదానికి పెడితే నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యేది. అప్పటి యజమాని ఎక్కువగా వెనక సీట్లో కూర్చునేవాడు. బానెట్ ఎత్తేది డ్రైవరు, లోపల చెయ్యి పెట్టేది ఉస్తాదు.

ఆ తీరు మారింది మారుతితోనే. మారుతి ఉద్యోగ్ 1981లో ఏర్పడింది, మరుసటేడు జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబర్ 14న తొలి కారు తాళాలను ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతికిచ్చారు. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను, పన్నెండు అంగుళాల చక్రాలు. 1986లో బాడీ మార్చారు. మనం ఇప్పటికీ రోడ్ల మీద చూసేది ఆ రెండో రూపమే. డ్రైవరును పెట్టుకునే స్తోమత లేనివాడు కూడా ఈ కారు కొన్నాడు. బ్యాంకు గుమాస్తా, టీచరు, మెడికల్ షాపు ఆయన ముందు సీట్లోకి వచ్చి తామే తోలుకున్నారు. తోలేవాడికి బండి చప్పుడు తెలుస్తుంది. చప్పుడు తెలిసినవాడు ఏదో ఒక రోజు బానెట్ ఎత్తుతాడు. మన దగ్గర సొంత రిపేరు చరిత్రంతా ఇక్కడే మలుపు తిరిగిందని నా నమ్మకం. మా ఊరి దిక్కు ఈ బండ్లు ఎక్కువగా హైదరాబాదులో ఒకరిద్దరు వాడేసినాక సెకండ్ హ్యాండ్‌లో వచ్చినవే. కాబట్టి రిపేరు కూడా బండితోపాటే వచ్చేది.

లోపల అంతా కంటికి కనబడేదే. ఎక్సిలేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్, మూడు ప్లగ్గులు, ఒక రేడియేటర్. పది, పన్నెండు, పద్నాలుగు నంబరు పానాలు, ప్లగ్ పానా, ఒక స్క్రూ డ్రైవరు, కటింగ్ ప్లేరు ఉంటే ఇంటి ముందర చెట్టు కింద సగం పనులు అయిపోయేవి.

నాకు పాయింట్లు పెట్టడం నేర్పింది హైవే పక్కన షెడ్డున్న ఒక ఉస్తాదు. బండి ఎత్తు మీద గుంజకపోయినా, మిస్సింగ్ కొట్టినా ఆయన మొదట చూసేది పాయింట్లనే. "సార్, ముందుగల్ల టోపీ ఇప్పుండ్రి. వైర్లు గుంజకుండ్రి. ఒకటి, మూడు, రెండు, గిదే వరుస, మర్వకుండ్రి" అనేవాడు. టోపీ అంటే డిస్ట్రిబ్యూటర్ మూత. దాని కింద రోటర్, దాని కింద చిన్న గోరంత పాయింట్లు. అవి కలిసి విడిపోయిన ప్రతిసారీ కాయిల్ నుంచి ప్లగ్గుకు నిప్పు పోతుంది. కలిసే చోట నల్లగా కాలి గుంటలు పడతాయి. సన్న ఎమరీ కాగితాన్ని మడిచి రెండింటి నడుమ పెట్టి మెల్లగా రెండు మూడుసార్లు లాగాలి, పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి.

గ్యాప్ పెట్టడంలోనే ఉంది పనితనం. ప్లగ్గులు తీసి, బండిని నాలుగో గేరులో వేసి, ఒకరు వెనక నుంచి జరంత నెడితే ఇంజను తిరుగుతుంది. నడుమ ఉన్న ఇరుసుకు మూడు సిలిండర్లకు మూడు బొడిపెలుంటాయి. ఒక బొడిపె పాయింటు మడమను పూర్తిగా పైకి నెట్టినప్పుడు ఆపాలి. అప్పుడు ఆ సందు అర మిల్లీమీటరుకు కొంచెం లోపుండాలి. కొలిచే రేకు లేకపోతే ఉస్తాదు పోస్టుకార్డును రెండుగా మడిచి దూర్చేవాడు. బిగువుగా కదిలితే సరి. స్క్రూ బిగించేటప్పుడు సందు మళ్లీ మారుతుంది, అందుకే బిగించినాక ఇంకోసారి చూడమనేవాడు. నేనూ ఇప్పటికీ అలాగే చూస్తాను. అన్నీ పెట్టి తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్క చుట్టుకే అందుకుని ఆ మూడు సిలిండర్ల చప్పుడు సమంగా వినిపించినప్పటి సంతోషం మాటల్లో పెట్టడం నా వల్ల కాదు.

క్లచ్ కేబుల్‌ది చిన్న పని. గేరుబాక్సు దగ్గర నట్టు తిప్పి పెడల్‌కు కొంచెం ఆట ఉంచాలి, అంతే. కేబుల్ తెగితే మాత్రం ఎక్కడున్న బండి అక్కడే. కాబట్టి తెలివైనవాళ్లు డిక్కీలో ఒక కేబుల్, ఒక ఫ్యాన్ బెల్టు, మూడు ప్లగ్గులు చుట్టి పెట్టుకునేవాళ్లు. జనగామలో దొరకనివి హనుమకొండలో, అక్కడా లేకపోతే హైదరాబాద్ పుత్లిబౌలీలో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికేవాళ్లం.

ఇంగ్లండులో 1960ల నుంచే హేన్స్ అనే సంస్థ ఒక్కో కారునూ విప్పి, ఫోటోలు తీసి, మళ్లీ బిగించి యజమానుల కోసం పుస్తకాలు వేసింది. అమెరికాలో జాన్ ముయిర్ అనే మెకానిక్ 1969లో ఫోక్స్‌వాగన్ మీద, బండి గురించి ఏమీ తెలియనివాడికి కూడా అర్థమయ్యేలా పుస్తకం రాశాడు. మనకు ఆ విద్య నోటి మాటగానే వచ్చింది. ఉస్తాదు పోతే ఆయన పోస్టుకార్డు కొలత కూడా పోతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇదే.

ఈలోగా బండి కూడా మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. పిల్లల మెదళ్లను దెబ్బతీసే సీసం పోవడం గొప్ప మేలు, అందులో నాకు రెండో మాట లేదు. ఆ రోజుల్లోనే కార్బొరేటర్ బదులు కంప్యూటరు లెక్కతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజను వచ్చింది. పొగ తగ్గింది, చలికాలం చోక్ గుంజే పని తప్పింది. దానితోపాటే పాయింట్లూ, కార్బొరేటర్ జెట్లూ యజమాని చేతి కింది నుంచి కంప్యూటరు డబ్బాలోకి వెళ్లాయి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో బీఎస్ 4 పొగ నిబంధనలు రావడంతో అక్కడ కొత్త 800 అమ్మకాలు ఆగాయి. 2014 జనవరిలో తయారీయే ఆగింది. ఇప్పుడు మా ఊరి మీదుగా నాలుగు లైన్ల రోడ్డు మీద పోయే బండ్లకు జబ్బు చెప్పేది స్కానర్ మిషన్. దాన్ని తప్పుపట్టను. కానీ ఆ మిషన్ చూపే కోడ్ అర్థం ఏమిటో, ఏ భాగం ఎంతకు దొరుకుతుందో బండి కొన్నవాడికి కూడా తెలియాలి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. అది మంచి అడుగు. తెలుగులో, బొమ్మలతో, పదో తరగతి చదివినవాడికి అర్థమయ్యేలా మాన్యువల్ ఇవ్వమని కంపెనీలను అడగాల్సింది మనమే.

మీ ఇంట్లో ఇలాంటి పాత బండి ఉంటే నాలుగు మాటలు వినండి. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండినాక ప్రతి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి, దాన్ని వాయిదా వేయకండి. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత తీయకండి. బ్రేకుల పని, టైమింగ్ బెల్టు పని చేయి తిరిగిన మనిషి పక్కన లేకుండా చేయకండి. ప్లగ్గులు, పాయింట్లు, కేబుళ్లు మాత్రం మీరే చూసుకోండి. మీ ఊళ్లో ముసలి ఉస్తాదు ఇంకా ఉంటే ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి, ఆయన చెప్పేది రాసుకోండి.