సిద్ధగోరాలో కొత్త విద్యార్థులు: హాస్టల్‌లో చేరాలా, గది అద్దెకు తీసుకోవాలా?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరానికి తూర్పు వైపు, సువర్ణరేఖ నదికి చేరువలో ఉన్న నివాస ప్రాంతం సిద్ధగోరా. ఉక్కు కర్మాగార ఉద్యోగుల క్వార్టర్లు, సూర్య మందిరం, బిర్సా ముండా టౌన్ హాల్ ఈ ప్రాంతానికి పాత గుర్తులు. జంషెడ్‌పూర్ మహిళా విశ్వవిద్యాలయం తన కొత్త ప్రాంగణాన్ని ఇక్కడ నిర్మించుకున్న తరువాత ఇది విద్యార్థినుల చిరునామాగా కూడా మారింది. పొరుగునే ఉన్న బారీడీలో మణిపాల్ టాటా వైద్య కళాశాల 2020లో ప్రారంభమైంది. ఏటా ప్రవేశాల కాలంలో ఈ రెండు ప్రాంతాల వీధుల్లో పెట్టెలు, పరుపులు మోసుకుంటూ తల్లిదండ్రులతో తిరిగే కొత్త ముఖాలు కనిపిస్తాయి.

వారిలో తెలుగు కుటుంబాల పిల్లలూ ఉంటారు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన నాటి నుంచి కోస్తా ఆంధ్ర ప్రాంతం వారు ఇక్కడికి వలస వస్తూనే ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలువెత్తు సాక్ష్యం. ఈ కుటుంబాల్లో మూడో, నాలుగో తరం పిల్లలకు హిందీ ఇంటి భాషతో సమానం. కానీ విశాఖపట్నం నుంచో, గుంటూరు నుంచో, వరంగల్ నుంచో నేరుగా వచ్చిన విద్యార్థి పరిస్థితి వేరు. వసతి విషయంలో తొలి వారం తీసుకునే నిర్ణయం ఆ విద్యార్థి ఖర్చును, భద్రతను, చాలా సందర్భాల్లో చదువును కూడా ఏడాది పొడవునా ప్రభావితం చేస్తుంది.

ఏ ప్రాంగణంలో తరగతులు?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. జంషెడ్‌పూర్ మహిళా కళాశాల 1953లో ఏర్పడింది. తరువాతి కాలంలో అది విశ్వవిద్యాలయంగా ఎదిగి, జార్ఖండ్‌లో తొలి మహిళా విశ్వవిద్యాలయం అయింది. పాత ప్రాంగణం బిష్టుపూర్‌లో ఉంది, కొత్తది సిద్ధగోరాలో. రెంటి మధ్య సాక్చి బజారు దాటి వెళ్లవలసిన దూరం ఉంటుంది. ప్రవేశ పత్రంలో విశ్వవిద్యాలయం పేరు మాత్రమే చూసుకుని ఒక ప్రాంగణం పక్కన గది తీసుకుంటే, తరగతులు రెండో చోట ఉన్నాయని తెలిసేసరికి అడ్వాన్సు చేతులు మారిపోయి ఉంటుంది. తమ విభాగం తరగతులు, ప్రయోగశాలలు ఎక్కడ జరుగుతాయో, హాస్టల్ గది ఏ ప్రాంగణంలో ఇస్తారో కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టడం మేలు.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐటీ జంషెడ్‌పూర్‌లో చేరేవారికి సిద్ధగోరా అనువైన చోటు కాదు. 1960లో ప్రాంతీయ ఇంజినీరింగ్ విద్యాసంస్థగా మొదలై 2002లో ఎన్ఐటీ హోదా పొందిన ఈ సంస్థ పేరులోనే జంషెడ్‌పూర్ ఉంది. ప్రాంగణం మాత్రం ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్‌లో, సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లాలో ఉంది. ఎన్ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఎక్కువగా ఈ రెండో వాటాలోనే అక్కడ చేరతారు. బంధువుల ఇల్లు సిద్ధగోరాలో ఉందని అక్కడి నుంచి రోజూ వెళ్లి వద్దామనుకునేవారు నగరాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి దాటవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. జిల్లా వేరు కాబట్టి అక్కడ పోలీసు స్టేషను పరిధి కూడా వేరే.

హాస్టల్: రుసుము వెనుక ఏముంది?

మొదటి సంవత్సరం విద్యార్థికి, ముఖ్యంగా భాష రాని విద్యార్థికి, సంస్థ నడిపే హాస్టలే తొలి ఎంపిక కావాలి. గదులు సౌకర్యంగా ఉంటాయని కాదు; చాలా చోట్ల ఉండవు కూడా. జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టడానికి ఒక వార్డెన్ ఉంటారు, ఏదైనా జరిగితే సంస్థ జవాబు చెప్పవలసి ఉంటుంది. అద్దె గదిలో ఈ రెండూ దొరకవు.

అయితే సీటు వచ్చినంత మాత్రాన గది వచ్చినట్లు కాదు. హాస్టల్‌కు వేరే దరఖాస్తు, వేరే గడువు, వేరే రుసుము ఉంటాయి. గదులు తక్కువగా ఉన్న చోట ఇంటి దూరాన్ని, ప్రవేశ ర్యాంకును చూసి కేటాయించడం సాధారణం. స్థానికులకు చివరి వరుసలో అవకాశం వస్తుంది. రుసుము వివరాల్లో నాలుగు పద్దులను విడివిడిగా చూడాలి. గది అద్దె, మెస్ అడ్వాన్సు, విద్యుత్తు లేదా నిర్వహణ రుసుము, తిరిగి ఇచ్చే డిపాజిట్. వీటిలో చివరిదే తిరిగి వస్తుంది, అదీ రసీదు ఉంటేనే. మధ్యలో హాస్టల్ వదిలితే గది అద్దె వెనక్కి ఇస్తారా, సెలవుల్లో ఇంటికి వెళ్లిన రోజులకు మెస్ బిల్లు తగ్గిస్తారా, తగ్గించాలంటే ఎన్ని రోజుల ముందు రాసి ఇవ్వాలి అన్నవి చేరే రోజే అడగాల్సిన ప్రశ్నలు. విద్యా రుణం తీసుకునేవారు హాస్టల్ రుసుమును కూడా బ్యాంకుకు ఇచ్చే అంచనాలో చేర్చవచ్చు. బ్యాంకుల సంఘం నమూనా పథకం అందుకు అనుమతిస్తుంది.

బయట గది: కంపెనీ ప్రాంతమా, బస్తీయా?

హాస్టల్ దొరకనివారికి మిగిలేది పేయింగ్ గెస్ట్ వసతి లేదా అద్దె గది. బిహార్, జార్ఖండ్ పట్టణాల్లో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే భవనాన్ని ‘లాడ్జి’ అనడం వాడుక. తెలుగు తల్లిదండ్రులు ఆ మాట విని కంగారు పడనక్కరలేదు.

జంషెడ్‌పూర్‌లో ఇల్లు వెతికేవారు మరే తెలుగు పట్టణంలోనూ ఎదురుకాని ఒక విభజనను అర్థం చేసుకోవాలి. నగరంలో అధిక భాగం భూమి ప్రభుత్వం టాటా స్టీల్‌కు లీజుకిచ్చినది. ఆ ప్రాంతంలో నీరు, విద్యుత్తు, పారిశుద్ధ్యం కంపెనీ అనుబంధ సంస్థ చూసుకుంటుంది. దీన్ని స్థానికులు కంపెనీ కమాండ్ ఏరియా అంటారు. దాని వెలుపల వెలసిన కాలనీలు బస్తీలు. 1995తో ముగిసిన లీజును 2005లో పునరుద్ధరించినప్పుడు ఇలాంటి 86 బస్తీలను లీజు నుంచి మినహాయించారు. అక్కడ దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవారు యాజమాన్య హక్కు కోసం ఇప్పటికీ డిమాండ్ చేస్తూనే ఉన్నారు. ప్రతి ఎన్నికల్లోనూ వినిపించే అంశం ఇది. సిద్ధగోరాలో క్వార్టర్ల వరుసలకు దగ్గరలోనే బస్తీలు కూడా ఉన్నాయి.

విద్యార్థికి దీనివల్ల రెండు చిక్కులు ఉన్నాయి. క్వార్టరు ఉద్యోగి సొంత ఇల్లు కాదు, అది కంపెనీ తన ఉద్యోగి నివాసానికి ఇచ్చినది. అందులో ఒక గదిని అనుమతి లేకుండా బయటివారికి ఇస్తే ఎప్పుడైనా ఖాళీ చేయవలసి రావచ్చు, పరీక్షల నెల అని ఎవరూ ఆగరు. అందుకే అలాంటి గది అద్దె తక్కువగా ఉన్నా రాతపూర్వక ఒప్పందం ఇవ్వగలరా అని అడగాలి. ఇవ్వలేమంటే కారణం అదే కావచ్చు. బస్తీ ఇళ్ల విషయంలో చిక్కు వేరు. అక్కడ యజమాని దగ్గర స్థల పత్రాలు లేకపోవడం వింత కాదు. కాబట్టి విద్యుత్తు బిల్లు, హోల్డింగ్ రసీదు వంటి వాటితోనైనా ఇల్లు ఎవరిదో నిర్ధారించుకోవాలి.

నీటి విషయం ఇంకా ముఖ్యమైనది. గదులు చూసేది వానాకాలంలో, అప్పుడు ప్రతి కుళాయిలోనూ నీళ్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు బోరు ఎండిపోతుందా, ట్యాంకరు తెప్పిస్తారా, ఆ ఖర్చు ఎవరిది అన్నది ఇంటి యజమానిని కాక పక్కింటివారిని అడిగితే నిజం తెలుస్తుంది. విద్యుత్తుకు విడి మీటరు ఉందో లేదో, యూనిట్‌కు ఎంత వసూలు చేస్తారో కూడా ముందే రాయించుకోవాలి.

అద్దె ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడమే దీనికి కారణం. యజమాని అద్దెదారు వివరాలను సిద్ధగోరా పోలీసు స్టేషనులో ఇస్తానంటే అభ్యంతరం చెప్పకూడదు, అది ఇద్దరికీ రక్షణే. ప్రైవేటు హాస్టళ్లు బిల్లులో జీఎస్టీ కలిపితే ప్రశ్నించవచ్చు. 2024 జూన్‌లో 53వ జీఎస్టీ మండలి చేసిన సిఫారసు ప్రకారం, మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించకుండా, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండే వసతి సేవకు పన్ను మినహాయింపు ఉంది.

ర్యాగింగ్: నిబంధనలు ఏం చెబుతున్నాయి?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో జారీ చేసిన నిబంధనలు హాస్టల్ జీవితానికి నేరుగా వర్తిస్తాయి. ప్రవేశ సమయంలో విద్యార్థి, తల్లిదండ్రులు ర్యాగింగ్‌కు పాల్పడబోమని హామీ పత్రాలు ఇవ్వాలి. హాస్టల్ కోరేవారు అందుకోసం మరో హామీ పత్రం ఇవ్వాలి. ఈ కాగితాలను లాంఛనంగా సంతకం చేసి మరచిపోతారు గానీ, అదే నిబంధనల్లో సంస్థ బాధ్యతలు కూడా ఉన్నాయి. వీలైనంత వరకు కొత్తవారికి విడి హాస్టల్ బ్లాకు కేటాయించాలి. తొలి మూడు నెలల్లో ప్రతి పక్షానికి ఒకసారి మొదటి సంవత్సరం విద్యార్థుల నుంచి పేరు రాయనక్కరలేని సర్వే ద్వారా పరిస్థితి తెలుసుకోవాలి. నేరం జరిగినట్లు తేలితే సంస్థ అధిపతి 24 గంటల్లోగా పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

2016లో చేసిన సవరణ ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారికి ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, కులం, మతం, శరీర రంగు ఆధారంగా చేసే శారీరక, మానసిక వేధింపు కూడా ర్యాగింగ్ నిర్వచనంలోకి వచ్చింది. హిందీ ఉచ్చారణను పదే పదే గేలిచేయడం, దక్షిణాది వాడివంటూ రాత్రుళ్లు నిలబెట్టి పాటలు పాడించడం సరదా కిందికి రావు. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522. ఇది ఉచితం, రోజంతా పనిచేస్తుంది. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు.

సీనియర్లందరినీ అనుమానించవలసిన పని లేదు. పాత పుస్తకాలు ఇచ్చేది, ఏ ఆచార్యుడి తరగతి తప్పించకూడదో చెప్పేది వారే. పేరు, ఊరు అడిగితే చెప్పడం పరిచయం. గది తలుపు మూసి, ఫోన్ లాక్కుని అడిగితే అది పరిచయం కాదు.

అన్నం, చలి, భాష

సర్దుబాటులో మొదటి పరీక్ష మెస్‌లో ఎదురవుతుంది. రాత్రి భోజనంలో రొట్టెదే పెద్దపీట, కూరల్లో ఆవనూనె వాసన, పచ్చి బియ్యానికి బదులు చాలా చోట్ల ఉప్పుడు బియ్యం, ఇక పెరుగు రోజూ ఉంటుందన్న హామీ లేదు. రెండు వారాలు సగం కడుపుతో లేచి, ఆ తరువాత బయటి తిళ్లకు అలవాటుపడి కడుపు పాడుచేసుకునేవారు తక్కువేమీ కాదు. మెస్ కమిటీల్లో విద్యార్థి ప్రతినిధులు ఉంటారు. వారానికి కొన్ని పూటలు పెరుగో సాంబారో పెట్టించమని పదిమంది కలిసి రాసి ఇస్తే ఫలితం ఉండవచ్చు. గదిలో ఎలక్ట్రిక్ కుక్కరు, హీటరు పెట్టుకోవడం ఎక్కువ హాస్టళ్లలో నిషేధం. దొరికితే జరిమానా. ఆవకాయ జాడీకి, కంది పొడికి మాత్రం ఏ వార్డెనూ అడ్డు చెప్పరు. ఇక్కడి అల్పాహారాల్లో లిట్టీ-చోఖా, సత్తు చౌకగా కడుపు నింపేవి. అలవాటైతే వదలరు.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరికి పడిపోతుంది. కోస్తా నుంచి దుప్పటితో వచ్చినవారికి అది చాలదు. రజాయి, ఉన్ని దుస్తులు ఇంటి నుంచి మోసుకురానక్కరలేదు, చలి మొదలయ్యే ముందు సాక్చి బజారులో కొనుక్కోవచ్చు. దోమతెర మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

నోటీసు బోర్డులు, మెస్ కబుర్లు, ఆటో బేరాలు అన్నీ హిందీలోనే. తరగతి ఆంగ్లంలో సాగినా సందేహాలకు జవాబులు హిందీలోకి జారిపోతాయి. గదిలో తెలుగువారే సహవాసులుగా కావాలని కోరుకోవడం సహజం. అయితే మొదటి సంవత్సరం వేరే భాష మాట్లాడే సహవాసితో ఉన్నవారు హిందీ త్వరగా నేర్చుకుంటారు. నిద్ర వేళలు, దీపం ఆర్పే సమయం, అతిథులు, పంచుకునే వస్తువులు వంటి విషయాలను మొదటి వారంలోనే మాట్లాడుకుంటే గొడవలు తగ్గుతాయి.

ఇంటి మీద బెంగ మొదటి కొన్ని వారాల్లో దాదాపు అందరికీ ఉంటుంది. నిద్ర, ఆకలి రెండూ తగ్గి, తరగతులకు వెళ్లడం మానేసే స్థితి వస్తే దానిని బెంగ అని వదిలేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు గంటకోసారి వీడియో కాల్ చేయడం కంటే వార్డెన్ నంబరు, సహవాసి నంబరు రాసి ఉంచుకోవడం ఎక్కువ ఉపయోగకరం.

పండుగలకు ఇంటికి

టాటానగర్-ఎర్నాకుళం ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం, విజయవాడల మీదుగా వెళుతుంది. ఇది వారాంతంలో వెళ్లి వచ్చే దూరం కాదు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గింది కాబట్టి, దసరా సెలవుల టికెట్టును విద్యా క్యాలెండరు చేతికి రాగానే చూసుకోవాలి. దీపావళి తరువాత ఆరో రోజున వచ్చే ఛఠ్ పండుగకు జార్ఖండ్, బిహార్ రైళ్లన్నీ నిండిపోతాయి. ఆ రోజుల్లో హాస్టల్లోనే ఉండిపోయినవారికి సిద్ధగోరా సూర్య మందిరం కొలను వద్ద అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే జనసందోహం కనిపిస్తుంది. సంక్రాంతికి సెలవు దొరకకపోయినా, అదే సమయంలో కొల్హాన్ ప్రాంతమంతా టుసు పండుగ జరుపుకుంటుంది. మెస్ ఆ ఒక్కరోజు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవడం మంచిది.