గొంతుకీ చెవికీ మధ్య

ఫ్యాను ఆపేశారు. విజయవాడ సత్యనారాయణపురంలో మే నెల సాయంత్రం ఏడింటికి ఫ్యాను ఆపడమంటే ఏమిటో మీ మెడకి అప్పుడే తెలిసిపోతోంది. కిటికీలు మూసి వాటి మీద బొంతలు వేలాడదీశారు. ఒకప్పుడు రైలు పట్టాలుండే చోట వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీది హారన్లు బొంతల అవతల సన్నబడ్డాయి. మీరు చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒళ్ళో మీ మ్యాక్‌బుక్ ఎయిర్. పై అంతస్తు నుంచి తెచ్చిపెట్టమని ఈ ఇంటివాళ్ళు అడిగారు, మీరు తెచ్చారు.

గది మధ్యలో సంగీతం టీచరుగారు. మైకుకి జానెడు దూరంలో నిలబడి, హెడ్‌ఫోన్లు సర్దుకుంటున్నారు. తంబురా యాప్ ఐదున్నర శ్రుతిలో మోగుతోంది, ఫోను నుంచి వైరు నేరుగా, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ రెండో రంధ్రంలోకి పోయింది. బల్ల దగ్గర ఆవిడ కొడుకు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. అతని ముందు పాత విండోస్ ల్యాప్‌టాప్. ఇంటెల్ ఆరో తరం చిప్పు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ చిప్పుల్ని, ఒకటీ అరా తప్ప, ఒప్పుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ పెట్టెను ఉంచాలా, మార్చాలా, మారిస్తే దేనికి మార్చాలి? ఇవాళ తేలాల్సింది అదే.

అతను 48 వోల్టుల బటన్ నొక్కాడు. కండెన్సర్ మైకుకి ప్రాణం వచ్చింది. టీచరుగారు పల్లవి ఎత్తుకున్నారు, సగంలో ఆపేశారు.

"ఒరేయ్, నా గొంతు నా వెనకాల నడిచొస్తోందిరా."

"ఏదమ్మా, మళ్ళీ ఒకసారి..."

"మళ్ళీ పాడినా అంతే. రేడియో స్టేషన్లో ఎర్రలైటు వెలిగిందంటే పాడటమే. ఈ నడక అక్కడ లేదు."

హెడ్‌ఫోన్లు మీ చేతికిచ్చారు. పెట్టుకుని "ఆ" అన్నారు మీరు. మీ నోట్లో మొదలైన "ఆ" ఎముకల గుండా ముందే మీకు అందింది, కంప్యూటర్‌లోకి వెళ్ళొచ్చిన "ఆ" తర్వాత తగిలింది. రెండో మాట అనబోతే నాలుక దానంతటదే ఆగిపోతుంది. తాళం వేసేవాళ్ళకి ఇది నరకం.

తెర మీదకి వంగి చూస్తే సంగతి తెలుస్తుంది. బఫర్ 1024 అని ఉంది. కంప్యూటర్ గొంతును సెకనుకి 48,000 ముక్కలుగా కొలుస్తోంది. ప్రతి ముక్కనీ వచ్చింది వచ్చినట్టు తీసుకోదు. 1024 ముక్కలు పోగయ్యాకే ఒక్క ఊపున లోపలికి లాగుతుంది. అంటే 21 మిల్లీసెకన్లు. బయటికి పంపేటప్పుడూ అంతే. రాకపోకలు కలిపి 43 దాకా, పైన ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం. గాల్లో శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. లెక్క వేస్తే టీచరుగారి గొంతు ఆవిడకి పదిహేను మీటర్ల అవతల, అంటే సందు చివరి కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి పాడుతోంది.

"తగ్గించరాదూ మరి!"

కొడుకు రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో డివైస్ జాబితా తెరిచాడు. వేవ్‌అవుట్, డైరెక్ట్‌సౌండ్, వాసాపి, ఏసియో. విండోస్‌లో పాట రికార్డు చేసేవాళ్ళ సగం కష్టాలు ఈ జాబితాలోనే ఉన్నాయి. విండోస్ అన్ని ప్రోగ్రాముల శబ్దాలనీ కలిపి పంపే దారి సినిమా చూడ్డానికి చాలు, పాడటానికి చాలదు. అందుకే హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో ఏసియో అనే అడ్డదారి వేసింది. ఆ కలిపే వ్యవస్థను తప్పించి, రికార్డింగ్ ప్రోగ్రామ్ నేరుగా సౌండ్ హార్డ్‌వేర్‌తో మాట్లాడుతుంది. అయితే డ్రైవరు మాత్రం మామూలుగా ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్ళే రాస్తారు, వాళ్ళు ఎంత శ్రద్ధగా రాస్తే ఫలితం అంత. కాబట్టి విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కొనడమంటే సగం డ్రైవరు కొనడమే. ఏసియో ఫర్ ఆల్ అని ఉచితంగా దొరికేది అసలు ఏసియో కాదు, విండోస్ మామూలు సౌండు డ్రైవరుకే తొడిగిన ముసుగు. ఏమీ లేనిచోట పనికొస్తుంది.

ఏసియో ఎంచుకుని బఫర్ 128 చేశాడు. ఇప్పుడు ఒక్కో వైపు మూడు మిల్లీసెకన్ల లోపే. టీచరుగారు పాడారు, ఈసారి ఆగలేదు. వెనక్కి తిప్పి వింటే మాత్రం గమకం మీద 'టిక్'. ఇంకోచోట 'టిక్ టిక్'. వేగుతున్న ఆవాలు చిటపటలాడినట్టు.

"ఇదేం దరువురా?"

ఏ డ్రైవరు ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్‌ని కొడుకు నడిపించాడు. కాసేపటికి ఎర్రగీత లేచింది, దాని పక్కన ఒక డ్రైవరు పేరు. వైఫైది. ఆ డ్రైవరు ప్రాసెసర్‌ని పట్టుకుని ఓ క్షణం వదలకపోతే చాలు, మూడు మిల్లీసెకన్లలో అందాల్సిన ముక్కలు అందవు, అక్కడ టిక్ పడుతుంది. చిప్పుకి వేగం లేక కాదు, వేళకి రాక. రికార్డింగ్‌కి సగటు వేగంతో పనిలేదు. వెయ్యిసార్లలో ఒక్కసారి ఎంత ఆలస్యం చేస్తుందన్నదే లెక్క. అందుకే దుకాణంలో చెప్పే గిగాహెర్ట్జ్‌లు ఈ గదిలో పెద్దగా అక్కరకు రావు. వైఫై ఆపేశాడు, పవర్ ప్లాన్ 'హై పెర్ఫార్మెన్స్'కి మార్చాడు. టిక్ పోయింది. కానీ ల్యాప్‌టాప్ ఫ్యాను జోరందుకుంది. సీలింగ్ ఫ్యాను ఆపుకుని చెమటలు కక్కుతుంటే మైకులో ఈ చిన్న ఫ్యాను హోరు!

ఇప్పుడు మీ వంతు. ఇంటర్‌ఫేస్ వైరు మీ మ్యాక్‌బుక్‌కి గుచ్చారు. డ్రైవరు దించుకోలేదు, ఏ జాబితా తెరవలేదు. గ్యారేజ్‌బ్యాండ్ తెరిస్తే ఇంటర్‌ఫేస్ పేరు అక్కడే ఉంది. ఆపిల్ కోర్ ఆడియోని ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగానే కట్టింది, అడ్డదారి అవసరం పడలేదు. యూఎస్‌బీ ఆడియో ప్రమాణం పాటించే పరికరాలు చాలావరకు ఇలాగే గుచ్చగానే పలుకుతాయి. ఎం1 వచ్చిన 2020 నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఫ్యానే లేదు. టీచరుగారు పాడుతుంటే గదిలో ఆవిడ గొంతు, ఊపిరి తప్ప ఏమీ లేవు. మీకు కొంచెం గర్వంగా ఉంది, దాచుకోకండి.

కొడుకు ఊరుకుంటాడా! "దీనికి ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?" పెంచలేరు, కొన్నరోజు ఎంతో అంతే. "ఇంటెల్ మ్యాక్‌లు పాతవి చవగ్గా దొరుకుతాయిగా?" దొరుకుతాయి, కానీ ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే ఆఖరి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ టహోయే అని ఆపిల్ 2025లో చెప్పేసింది. పైగా 2019లో కాటలీనా వచ్చినప్పుడు 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్క దెబ్బకి పోయాయి, ఎందరి ప్లగిన్లో వాటితోపాటే. అప్పటి నుంచి మ్యాక్ మీద పాట పనిచేసేవాళ్ళు కొత్త వెర్షన్ వచ్చిందనగానే ఎగబడరు. ప్లగిన్ కంపెనీలు సరే అనేదాకా నెలల తరబడి ఆగుతారు.

లాజిక్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ సంగతి మీరే ఎత్తారు. ఒకప్పుడు అది విండోస్‌లోనూ నడిచేది. తయారుచేసిన జర్మన్ కంపెనీ ఈమాజిక్‌ని 2002లో ఆపిల్ కొనేసింది, విండోస్ లాజిక్ అక్కడితో ఆగింది. లాజిక్ తప్ప వద్దనేవాళ్ళకి ఇక ఈ చర్చే లేదు, మ్యాక్ కొనుక్కోవడమే.

"మనకి లాజిక్ ఎందుకమ్మా?" అంటూ కొడుకు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఉబుంటు స్టూడియో. పాత ల్యాప్‌టాప్‌ని ఆపి, ఇంటర్‌ఫేస్ వైరు మళ్ళీ దానికే గుచ్చి, ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేపాడు. లోపలి డిస్కు మీద గీత కూడా పడలేదు. ఇది లైనక్స్‌కున్న గొప్ప మర్యాద అని నా అభిప్రాయం: ఇన్‌స్టాల్ చేయకుండానే, మీ ఇంటర్‌ఫేస్‌తో, మీ గదిలో సరిచూసుకోవచ్చు. మిగతా రెండింటిలో కొన్నాకే తెలుస్తుంది.

తెర నెమ్మదిగా వచ్చింది. ఆర్డోర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచాడు. దీన్ని మొదలుపెట్టిన పాల్ డేవిసే లైనక్స్‌లో ప్రోగ్రాముల మధ్య శబ్దాన్ని మళ్ళించే జాక్‌నీ రాశాడు. ఇప్పుడు ఆ జాక్ పని పైప్‌వైర్ చేస్తోంది. దాంతో బ్రౌజరు శబ్దమూ రికార్డింగూ ఒకదాన్నొకటి తోసుకోకుండా నడుస్తున్నాయి. పదేళ్ళ క్రితం ఇలా కుదరాలంటే ఒక రాత్రి ధారపోయాల్సి వచ్చేది. సమయానికి కచ్చితంగా పనిచేయించే రియల్‌టైమ్ ఏర్పాటు కూడా చాలా ఏళ్ళు విడి ప్యాచ్‌గా తిరిగి తిరిగి, 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లైనక్స్ కెర్నల్‌లోకే వచ్చింది.

బఫర్ 128. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక వైరు కలిపి, ఒక టిక్ పంపి, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలిచాడు. పదికి కాస్త అటూ ఇటూ మిల్లీసెకన్లు. విండోస్‌లో ఏసియోతో ఇలాగే కొలిస్తే వచ్చింది కూడా ఇంచుమించు అంతే. మీరు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత గొడవా చేసి తేడా ఇంతేనా?

అప్పుడు టీచరుగారు ఇంటర్‌ఫేస్ మీదున్న చిన్న బటన్ చూపించి, "ఇదేమిట్రా, 'డైరెక్ట్' అని రాసుంది?" అన్నారు.

కొడుకు నొక్కాడు. ఆవిడ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే మైకు నుంచి హెడ్‌ఫోన్లలోకి వచ్చేసింది. ఆలస్యం పోయింది. బఫర్‌ని మళ్ళీ 1024 చేసినా ఆవిడకి తేడా లేదు. రికార్డయిన పాటకీ లేదు, ఎందుకంటే రికార్డింగ్ ప్రోగ్రామ్ ఆ ఆలస్యాన్ని తానే లెక్కగట్టి ట్రాకును వెనక్కి జరుపుకుంటుంది. గొంతు, వయొలిన్, మృదంగం లాంటి మైకు ముందు మోగే వాటికి ఆపరేటింగ్ సిస్టమ్ వేగం గురించి ఇంత బెంగ అక్కర్లేదు.

బెంగ ఎక్కడంటే, శబ్దం కంప్యూటర్‌లోనే పుట్టేచోట. కొడుకు మిడీ కీబోర్డు కలిపి పియానో ప్లగిన్ తెరిచి చూపించాడు. మెట్టు నొక్కినప్పుడు పలికేది ప్రోగ్రామ్, అక్కడ డైరెక్ట్ బటన్ ఏమీ చేయలేదు. గిటారు యాంప్లిఫయరు ప్లగిన్లదీ ఇదే కథ. ఆ పని ఎక్కువగా చేసేవాళ్ళు కాంటాక్ట్ లాంటి శాంప్లర్లు వాడతారు. వాటికి లైనక్స్ వెర్షన్ లేదు. వైన్, యాబ్రిడ్జ్ వేసి విండోస్ ప్లగిన్లని నడిపించేవాళ్ళున్నారు. నడిచినన్నాళ్ళు బాగుంటుంది. సినిమా పాటల ఫక్కీలో తీగవాద్యాలూ డ్రమ్ములూ ప్లగిన్లతో కట్టేవాళ్ళకి నేనైతే లైనక్స్ చెప్పను. మ్యాక్‌కి డబ్బుంటే మ్యాక్, లేదంటే మంచి ఏసియో డ్రైవరున్న ఇంటర్‌ఫేస్‌తో విండోస్ 11.

ఈ ఇంట్లో ఆ అవసరం లేదు. గొంతు, తంబురా, ఎప్పుడైనా శిష్యురాలి వయొలిన్. డిస్కులో సగం ఖాళీ చేసి లైనక్స్ వేద్దామని కొడుకు. పాత విండోస్‌నే నెట్‌కి కలపకుండా పాటకి మాత్రమే ఉంచుకోవచ్చు కదా అని మీరు. అది కూడా సబబే, కానీ ఆవిడ ఇదే ల్యాప్‌టాప్‌లో శిష్యులకి వీడియో కాల్లో పాఠాలు చెబుతారు, నెట్ తప్పదు. లైనక్స్ వైపే మొగ్గింది. రీపర్ లైనక్స్‌లోనూ నేరుగా నడుస్తుంది కాబట్టి పాత ప్రాజెక్టులు అలాగే తెరుచుకుంటాయి. ల్యాప్‌టాప్ హాల్లో ఉంటుంది, మూడు మీటర్ల యూఎస్‌బీ వైరు తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. దాని ఫ్యాను ఎంత అరుచుకున్నా హాలుకే.

"ముందు విండోస్‌లో ఉన్నవన్నీ విడివిడి వేవ్ ఫైళ్ళుగా తీసిపెడతానమ్మా. రేపు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి."

"తియ్యి. ఆరోహణ పాఠాలు పోయాయంటే మాత్రం ఒప్పుకోను."

అతను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని పెట్టి, అన్ని ట్రాకులూ ఒకే చోటు నుంచి మొదలయ్యేలా ఎగుమతి మొదలుపెట్టాడు. శాతం అంకెలు మెల్లగా ఎక్కుతున్నాయి. టీచరుగారు హెడ్‌ఫోన్లు తీసి మైకు స్టాండుకి తగిలించి, స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళారు.

"అది అయ్యేదాకా ఫ్యాను వేసుకోవచ్చా, వద్దా?"

"వేసుకోమ్మా, ఇప్పుడు మైకుతో పనిలేదు."