పాఠకుని వెదకుచు వెళ్లిన పుస్తకము

తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్రను పరిశీలించినచో, పాఠకుడు వచ్చువరకు వేచియుండక పుస్తకమే పాఠకుని వెదకుచు బయలుదేరిన వృత్తాంతము పదే పదే కానవచ్చును. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషయై తెలుగునకు ఆదరణ కరవైన దినములలో, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతుల పూనికచే 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, గ్రంథములను భద్రపరచుటతో తృప్తినొందక, సభలకును చర్చలకును ఆశ్రయమై భాషాభిమానులను ఒక్కచోటికి చేర్చినది.

కోస్తాలో ఈ కృషి ప్రజోద్యమ రూపమును దాల్చినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన జరిగిన మహాసభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అవతరింపగా, దానికి ప్రాణభూతులైన అయ్యంకి వెంకటరమణయ్య గారు ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక ద్వారా ఊరూరి కార్యకర్తలకు పరస్పర సంబంధము కల్పించిరి. చదువురానివారే అధికముగా నున్న పల్లెలలో పుస్తకములను బీరువాలో నుంచినంత మాత్రమున ప్రయోజనము లేదని గ్రహించిన ఆ కార్యకర్తలు వార్తాపత్రికలను బిగ్గరగా చదివి వినిపించిరి. రాత్రి పాఠశాలలు నడిపిరి. హరికథలును భజనలును ఏర్పరచిరి. 1935లో పాతూరి నాగభూషణము గారి కృషివలన గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుండి కాలువమీద పడవ గ్రంథాలయము సాగినది. తెలంగాణమున 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకముల మూటను తామే మోసికొని ఊళ్లు తిరిగిరి.

1948లో మదరాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టములు వెలువడిన పిదప, పన్నుల ఆదాయముచే సంస్థలకు స్థిరత్వము చేకూరినది గాని, ప్రజల ప్రత్యక్ష భాగస్వామ్యము క్రమముగా సన్నగిల్లినది.

ఆ భాగస్వామ్యమును పునరుద్ధరించుటకు నేడు అంతర్జాలము చక్కని సాధనము. అంతర్జాల గ్రంథాలయమైన తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛంద పాఠకులు, స్కాను చేసిన పాత పుస్తకములను పుటపుటయు సరిచూచి దిద్దుచున్నారు. పాఠకుడే గ్రంథాలయ నిర్మాతయగుట అచ్చట ప్రత్యక్షముగా కానవచ్చును. ఊరి గ్రంథాలయము కూడ తన పుస్తకముల పట్టికను తెరమీద ఉంచి ఊరకుండరాదు. ఏ పుస్తకము కొనవలెనో పాఠకులనే అడుగవలెను. పెద్దల జ్ఞాపకములను, పాత ఛాయాచిత్రములను పాఠకులచేతనే చేర్పింపవలెను. విదేశములందలి ఆ ఊరివారు సైతము ప్రశ్నించి పాల్గొనునట్లు పఠనగోష్ఠులను ప్రసారము చేయవలెను. ఫోనులో వ్రాయుట తెలియనివారికి, నాటి రాత్రి బడులలో వలె, దగ్గర కూర్చుండి నేర్పు గ్రంథపాలకుడును ఉండవలెను.

కంప్యూటర్లు కొనుటతో తమ పని ముగిసినదని అధికారులు భావింపక ఊరివారిని ఈ పనిలో చేర్చుకొనవలెననియు, పాఠకులు సైతము ఆ బాధ్యతను అడిగి పుచ్చుకొనవలెననియు నా విన్నపము.