చెరకు పిప్పి: తీపి పోయాక మిగిలిన కథ

మొన్న మా ఆఫీసు కాంటీన్లో ప్లాస్టిక్ ప్లేట్లు తీసేసి లేత గోధుమరంగు ప్లేట్లు పెట్టారు. "చెరకు పిప్పితో చేసినవంట సార్, భూమిలో కలిసిపోతాయి" అన్నాడు వడ్డించే అబ్బాయి. 2022 జూలైలో ప్లాస్టిక్ ప్లేట్ల మీద నిషేధం వచ్చాక ఇవి చాలాచోట్ల కనిపిస్తున్నాయి. నాకు మాత్రం అనకాపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో బెల్లం గానుగ గుర్తొచ్చింది. గానుగాడగా వచ్చిన పిప్పిని అక్కడే ఎండేసి, అదే పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే రసం కాచేవాళ్ళు. నెలల తరబడి దాచడమన్న మాటే లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

పంచదార మిల్లుల్లోనూ దాదాపు అంతే. 100 టన్నుల చెరకాడితే సుమారు 30 టన్నుల తడి పిప్పి వస్తుంది, అందులో సగం నీరే. దాన్ని బాయిలర్లో వేసి, ఆ ఆవిరితోనే మిల్లు నడుపుకుంటారు. 1920ల మొదట్లో అమెరికాలోని లూసియానాలో డాల్బర్గ్ అనే వ్యాపారి ఈ పిప్పితో గోడలకి, పైకప్పులకి వాడే అట్టలు చెయ్యడం మొదలెట్టాడు. అదే సెలోటెక్స్ కంపెనీ. 1939లో పెరూలోని పరమోంగాలో గ్రేస్ కంపెనీ పిప్పితో కాగితం తీసింది. మన పక్కనే తమిళనాడులో 1979లో పెట్టిన ప్రభుత్వ న్యూస్‌ప్రింట్ మిల్లుకీ పిప్పే ముడిసరుకు. చెత్తకి ధర వచ్చింది. బానే ఉంది కదా?

చిక్కు ఇక్కడే వచ్చింది. చెరకాడేది ఏడాదిలో కొన్ని నెలలే, అట్టల ఫ్యాక్టరీ మాత్రం ఏడాదంతా నడవాలి. అంటే పిప్పిని బేళ్ళు కట్టి నెలల తరబడి దాచాలి. అందులో మిగిలిపోయిన తీపి పులిసి, బేలు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో హాయిగా పెరిగే సూక్ష్మజీవులున్నాయి. ఎండిన బేలు విప్పినప్పుడు వాటి బీజాలు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొన్ని గంటలకి దగ్గు, ఆయాసం, చలిజ్వరం. చూసేవాళ్ళకి న్యుమోనియానో, క్షయో అనిపిస్తుంది. ఏళ్ళ తరబడి అదే దుమ్ములో పనిచేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

1941లో జేమిసన్, హాప్కిన్స్ అనే డాక్టర్లు లూసియానాలో దీన్ని వివరించి 'బగాసోసిస్' అన్నారు. మరుసటి ఏడాదే ఇంగ్లండులోనూ కేసులు బయటపడ్డాయి. అక్కడ చెరకు పండదు, లూసియానా నుంచి ఓడలో వచ్చిన బేళ్ళే కారణం! కొందరు పిప్పిలోని ఇసుకన్నారు, కొందరు బూజన్నారు. చివరికి 1971లో జాన్ లేసీ అనే శాస్త్రవేత్త అసలు దొంగని పట్టుకున్నాడు. థర్మోయాక్టినోమైసిస్ శాకరై, చూడ్డానికి బూజులా ఉండే బాక్టీరియా. 2005లో దాన్ని ఆయన పేరుతోనే లేసియెల్లా అని మార్చారు. మన భాషలో చెప్పాలంటే బగ్ పిప్పిలో లేదు, స్టోరేజీలో ఉంది. తాజా పిప్పి ఈ జబ్బు తేదు.

మందు కూడా పెద్ద ఖరీదైందేం కాదు. పిప్పిని తడిగా ఉంచడం, 1 శాతం ప్రొపియానిక్ ఆసిడ్ చల్లడం, దుమ్ము లేవకుండా చూడటం. ఇలాంటి జాగ్రత్తలతో లూసియానాలో ఒక కాగితం మిల్లులో ఈ జబ్బు పూర్తిగా పోయిందని 1978లో పరిశోధకులు రాశారు. విచిత్రమేంటంటే, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన రిట్టర్ పద్ధతిలో పిప్పిని తడిగా నిల్వచేసింది ముఖ్యంగా నార పాడవకూడదని. కూలివాడి ఊపిరి నిలబడటం కొసరు లాభం.

మన దేశంలో 1955 నుంచే ఈ జబ్బు మీద వ్యాసాలున్నాయి. ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్లో పేరు పెట్టి మరీ చేర్చారు. కానీ నష్టపరిహారం రావాలంటే ముందు ఎవరో ఒకరు ఆ జబ్బుని గుర్తుపట్టాలి కదా. సీజన్లో వచ్చి పోయే కాంట్రాక్టు కూలీ ఆయాసంతో ఊరెళ్ళిపోతే, అతన్ని "ఏం పని చేసేవాడివి?" అని అడిగే డాక్టరెవరు?

ఇది చదివి ఆ ప్లేట్లు మానెయ్యక్కర్లేదు, తినేవాడికి ఈ జబ్బు రాదు. ప్లాస్టిక్ కన్నా నయమే, నేనూ వాటిలోనే తింటున్నా. కాకపోతే మన కంపెనీలు ఆ ప్లేట్లు కొనేటప్పుడు పర్యావరణం సర్టిఫికెట్ అడుగుతాయి. పన్లో పనిగా "పిప్పి తడిగా నిల్వచేస్తున్నారా, బేలు విప్పేవాళ్ళకి ఏం రక్షణ ఇస్తున్నారు?" అని కూడా అడిగితే పోయేదేముంది? రేపు మా అడ్మిన్ వాళ్ళకి మెయిల్ కొడుతున్నా. మీరూ కొట్టి చూడండి.