ఆనకట్ట నిలిచింది, కాలువ నష్టపోయింది, మన రీడింగ్ రూమ్ మూతపడింది



వన్ టౌన్‌లో మా హాస్టల్ నుంచి ప్రకాశం బ్యారేజీకి నడిచి వెళ్లొచ్చు. అక్కడ నిలబడితే నాకు ఒకటే ఆలోచన. కొన్ని పనులు వందేళ్లు నిలుస్తాయి, కొన్ని మొదట్లోనే చతికిలపడతాయి. ఎందుకు?

1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన కరువు. పక్కనే కృష్ణ పారుతున్నా జనం ఆకలితో చచ్చిపోయారు. తర్వాత ఆర్థర్ కాటన్ బలపరిచిన ప్లానుతో 1852లో బెజవాడ ఆనకట్ట మొదలైంది, 1855కి పూర్తయింది. కట్టించింది కెప్టెన్ ఓర్, ధవళేశ్వరంలో పని నేర్చుకుని వచ్చినవాడు. నీళ్లు రాగానే డెల్టా రైతు వరి వేశాడు. 1952లో తెగేదాకా దాదాపు వందేళ్లు అది పనిచేసింది. దాని బదులుగా 1957లో ఈ బ్యారేజి వచ్చింది.

అదే కాటన్ ఆలోచనల వెంట కర్నూలు-కడప కాలువ కూడా వచ్చింది. 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ ప్రభుత్వం గ్యారంటీ. ఖర్చు అంచనా దాటిపోయింది. తీరా నీళ్లు వదిలితే రైతులు అంతగా తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వానకే పండుతాయి. వాన లేని ఏడాదికి తప్ప అక్కర్లేని నీళ్లకి తీరువా ఎవరు కడతారు? చివరికి 1882లో ప్రభుత్వమే కాలువని తీసేసుకుంది.

బెజవాడలో దొరలు రైతుని అడిగి కట్టారని నేను అనను. వాళ్లకి కావాల్సింది శిస్తు. కానీ ఇక్కడ వాళ్ల లాభం, రైతు అవసరం ఒకే కాలువలో పారాయి. అక్కడ రైతు నీళ్లు తీసుకున్నా, తీసుకోకపోయినా వాటాదారుడికి వడ్డీ అందింది. నష్టం తనది కానప్పుడు ఎవరూ అడగరు.

ఇప్పుడు మన సంగతి. పోయినేడు మేం సీనియర్లం చందాలేసుకుని రీడింగ్ రూమ్ పెట్టాం. టైం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. మూడు నెలల్లో మూతపడింది. "మనోళ్లకి చదువు మీద ఆసక్తి లేదు" అన్నాం. నేనూ అన్నాను. తర్వాత తెలిసింది, సగం మంది తమ్ముళ్లు ఆ టైంలో బట్టల కొట్లలో పనికి పోతున్నారు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదటివాణ్ణి. అయినా నా తర్వాత వచ్చినవాణ్ణి "నీకు ఎప్పుడు వీలు?" అని ఒక్క మాట అడగలేదు.

వేసవిలో గూడేల్లో పదో తరగతి పిల్లలకి క్లాసులు పెడదాం అంటున్నారు. మంచిదే. కానీ పోస్టర్ వేసే ముందు గూడేనికి పోదాం. పిల్లలు ఏ టైంకి ఖాళీ, ఇంట్లో పనులేంటి, ఏ సబ్జెక్టు రావట్లేదు, అడుగుదాం.

మీ ఊరికి ఎవరు వెళ్లి అడుగుతారు? కింద పేరు రాయండి. మా గూడేనికి నేను పోతాను.