తాళ్లల్ల కూడే ఊరు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ‘తాళ్లల్లకు పోయొస్త’ అని బయల్దేరిన మనిషికి అక్కడ దొరికేది కల్లొక్కటే కాదు. కూలి కబురు, ఎద్దుల బేరం, పిల్లకు సంబంధం కూడా తాటిచెట్ల కిందే తేలేవి.

దానికి కారణం కల్లులోనే ఉంది. గెల కోతనుంచి కారేటప్పుడు తియ్యగా ఉన్న నీరా, లొట్టిలో ఈస్టు చేరగానే గంటల్లో పులుస్తుంది. మర్నాటికి నోట పెట్టలేం. దాచుకోలేం, దూరం పంపలేం. అందుకే చెట్టు దగ్గరికి మనిషే వెళ్లాడు, తాటాకు రేక పట్టి నలుగురితో కూర్చున్నాడు. పెళ్లి ఖాయమైతే కల్లు, కులపంచాయితీ తెగితే కల్లు, బోనాలకు అమ్మవారికి కల్లు సాక, పోయినవారికి పెట్టే కూడు పక్కనా కల్లే. సారా సీసా ఒంటరిగానూ ఖాళీ అవుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నా నమ్మకం. దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు తిరగబడింది సారా మీదే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా ఆగింది. 1995 మద్యనిషేధ చట్టం సైతం కల్లును వదిలేసింది.

సర్కారు చూపు మాత్రం చెట్టు మీద ఎప్పట్నుంచో ఉంది. 1316 ఫస్లీ, అంటే 1906-07 నాటి నిజాం ఆబ్కారీ చట్టమే ఈ ప్రాంతంలో 1960ల చివరిదాకా నడిచింది. చెట్లను గుత్తకు పట్టే గుత్తేదారు వేరు, ప్రాణాలొడ్డి చెట్టెక్కి కల్లు గీసే గౌడు వేరు. ఆబ్కారీ రాబడి నిజాం ఖజానాకు ఎంత ఆసరానో తెలుసు కనుకే 1947లో నిజాంపై పోరాడిన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఉద్యమకారులు తాళ్లను, ఈదులను నరికారు. నిజాంకు రాబడి పోయింది. గీసేవాడికి బతుకుదెరువే పోయింది. ఈ రెండో నష్టాన్ని మనం ఇంకా సరిగా తలచుకోలేదు.

తర్వాత హైదరాబాద్ నగరం పెరిగింది. తాళ్లు లేనిచోటా కల్లు దుకాణాలు వెలిశాయి. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లు కల్లు పేరుతో అమ్ముడయ్యాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

మోకు, ముస్తాదులే దిక్కుగా చెట్టెక్కిన గౌడుకు మరో రక్షణ ఈమధ్యే వచ్చింది. 2024 జులై 14న ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోని లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్ష’ కిట్లు పంచారు. గీతకు వెళ్లేముందు గౌడులు మొక్కే దేవుడి పేరే వాటికి పెట్టారు. పట్టు తప్పినా మనిషి నేలకు పడకుండా కిట్‌లోని తాళ్లు, పట్టీలు ఆపుతాయి. ఇక కావలసింది ఎక్కడానికి చెట్లు. తాటిచెట్టు గీతకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ప్లాట్లకోసం కొట్టేస్తున్న వనాలకు బదులు చెరువుకట్టల మీద, గట్ల వెంట మొక్కలు ఈ వానకాలమే నాటాలి.